మీసాలు మొలిచిన శిలువ

ఆస్ట్రేలియాలో, పెర్త్‌లో హారిస్‌డేల్‌కి దగ్గర్లో నాకో గ్రానైట్ షెడ్డు ఉంది. బతికున్నవాళ్లకు కిచెన్ ప్లాట్‌ఫాంలు, పోయినవాళ్లకు సమాధి రాళ్లు అమ్ముతాను. రెండింటికీ అదే రాయి, అదే పాలిష్. సమాధి కోసం వచ్చినవాళ్లు అరగంటలో తేల్చేస్తారు. కిచెన్ కోసం వచ్చే మనవాళ్లు మాత్రం మూడు నెలలపాటు ప్రతి ఆదివారం కుటుంబంతో సహా వచ్చి, అదే నల్లరాయిని నిమిరి, చుక్కలు కాస్త తక్కువున్నది లేదా అంకుల్ అని అడిగి వెళ్తారు.

రెండేళ్ల క్రితం ఒక ఇంగ్లీషు పెద్దావిడ వచ్చారు. ఎనభై దాటి ఉంటాయి. భర్త పోయి ఏడాదైందట. సంచిలోంచి ఒక ఫోటో తీసి ఇచ్చారు. ఇంగ్లండులో ఆవిడ పుట్టిన ఊరి చర్చిలో గోడవారన నిలబెట్టిన రాతి శిలువ. ఆంగ్లో-సాక్సన్లు చెక్కిందట, వెయ్యేళ్ల పైమాటట. నిలువునా తీగల అల్లిక, మధ్యలో ముగ్గురు మనుషులు. మనుషులని ఆవిడ చెప్పబట్టి తెలిసింది. నాకైతే నానబెట్టిన చిక్కుడు గింజల్లా కనిపించారు. ముక్కుల్లేవు, కళ్లు లేవు. శిలువ కుడిచెయ్యి ఎప్పుడో విరిగిపోయింది. వాళ్ల పెళ్లి ఆ చర్చిలోనే జరిగింది. భర్త సమాధి మీద అచ్చం అలాంటిదే, నడుమెత్తున కావాలన్నారు.

ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాణ్ణి కదా, గంభీరంగా తలూపాను. ఆ ఫోటోని చీమకుర్తిలో శిల్పాల షెడ్డు నడుపుతున్న నా చిన్ననాటి స్నేహితుడికి వాట్సాప్ చేశాను. ఒంగోలులో ఇద్దరం ఒకే బెంచీ మీద చదువుకున్నాం. ఆంజనేయస్వామి నుంచి మేరీమాత వరకు, మా మసీదు మెట్లతో సహా, వాడు చెక్కనిది లేదు. ఫోటో కింద "ఇట్టాగే చెయ్" అని రాశాను. అంత విపులంగా రాశాక పొరపాటు ఎలా జరుగుతుంది?

నాలుగు నెలలకు పెట్టె దిగింది. ఆ రోజు మా అమ్మాయి కూడా షెడ్డులో ఉంది. ఫార్మసీలో సీటొచ్చినా వదులుకుని యూనివర్సిటీలో చరిత్ర చదువుతోంది. బంధువులు ఇప్పటికీ ఫోన్ చేసి నన్ను ఓదారుస్తుంటారు. ఇద్దరం కలిసి చెక్కలు ఊడదీశాం.

శిలువ నల్లగా నిగనిగలాడుతోంది. దాంట్లో చూసుకుని తల దువ్వుకోవచ్చు. విరిగిన చెయ్యి తిరిగి వచ్చేసింది. ముగ్గురికీ కళ్లు, ముక్కులు వచ్చాయి. వాటి కింద మీసాలు కూడా, మెలితిప్పిన కోరమీసాలు. మధ్యలో ఉన్నాయన ఎన్నికల పోస్టర్‌కి నిలబడ్డట్టున్నాడు.

"డాడ్, దిస్ ఈజ్ యాంగ్లో-సాక్సన్ ప్రకాశం డిస్ట్రిక్ట్," అంది మా అమ్మాయి.

వెంటనే ఫోన్ చేశాను. వాడు థాంక్స్ చెప్పడానికే చేశాననుకున్నాడు. "నీకు పగిలిపోయిన దాని ఫోటో ఇచ్చారు రా, చూసుకున్నావా అసలు? సమాధి మీద పెట్టే దాన్ని చెయ్యి లేకుండా ఎట్టా పంపేది? నేనే దగ్గరుండి బాగు చేయించా," అన్నాడు. నా గొంతులో సంతోషం వినపడకపోయేసరికి కాస్త నొచ్చుకున్నాడు కూడా.

గ్రైండర్ చేతిలోకి తీసుకున్నాను. ముందు చెయ్యి విరగ్గొట్టాలా, ముక్కులు కొయ్యాలా అన్నది తేలలేదు. ఏదీ చేయబుద్ధి కాక పక్కన పెట్టేసి ఆవిణ్ణి పిలిచాను.

ఆవిడ కర్ర సాయంతో శిలువ చుట్టూ ఒకసారి తిరిగారు. నేను వల్లెవేసుకున్న క్షమాపణ మొదలుపెట్టి, ఇక్కడే ఇసుకరాతిలో ఇంకొకటి చేయిస్తానన్నాను. ఆవిడ చెయ్యెత్తి ఆపారు. చెక్కిన మొదటి రోజున ఆ పాతదీ ఇలాగే ఉండేదేమో, విరగకుండా, అరగకుండా అన్నారు. మా అమ్మాయి తన చదువు ఊరికే పోనివ్వకుండా, ఆ శిలువలకు అప్పట్లో ఎరుపు, పసుపు రంగులు కూడా వేసేవారని చెప్పింది. రంగుల సంగతి చీమకుర్తి దాకా పోకముందే నేను మాట మార్చాను.

ఆవిడ మధ్యాయన మీసం మీద వేలు పెట్టారు.

"మా ఆయనకి యాభై ఏళ్లు మీసం ఉండేది. చివర్లో ఆస్పత్రిలో ఆక్సిజన్ మాస్క్ సరిగ్గా కూర్చోవడం లేదని గీసేశారు. మీసం లేకుండానే పంపించేశాం," అన్నారు ఇంగ్లీషులో.

మా అమ్మాయి కుర్చీ తెచ్చి వేసింది.

శిలువను నిలబెట్టిన నెలకు శ్మశానం ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మధ్యాహ్నం ఎండ దాని మీద పడి, పక్క సమాధులకు వచ్చినవాళ్లు కళ్లు తెరవలేకపోతున్నారట. చనిపోయినవాళ్ల నుంచి మాత్రం ఫిర్యాదు రాలేదు. మిషను పట్టుకెళ్లి ఒక పూటంతా కూర్చుని మెరుపు తీశాను. ఆవిడ మడతకుర్చీ వేసుకుని, ఫ్లాస్కులో టీ తెచ్చుకుని, ఎక్కడ ఎంత తియ్యాలో చెబుతూ కూర్చున్నారు. ముగ్గురి ముఖాల దగ్గరికి మాత్రం నన్ను రానివ్వలేదు.