జర్దా డబ్బీలో గుండె గోళీలు

మొన్న వేసవిలో ఒక సోమవారం, ఉదయం ఏడుంబావుకు, తూంకుంటలో మా గడప ముందు, చెరువులో తెప్ప మీద చేపలు పట్టి ఇంటింటికీ అమ్మే చేపలాయనకు ఛాతీనొప్పి మొదలైంది.

మాటకోసారి చొక్కా జేబు తట్టుకోవడం ఆయన అలవాటు. నాలుక కింద పెట్టుకునే గోళీలను అందులో జర్దా డబ్బీలో దాచుకునేవాడు.

"మందుల సీసలనే ఉంచు బిడ్డా, గాలి తగిలితె పన్జెయ్యయి" అనేదాన్ని.

"తెప్పల సీస పలుగుతది పెద్దమ్మా. డబ్బైతె నీళ్లల్ల పడ్డా తేల్తది" అని నవ్వేవాడు.

ఆ రోజు కూర్చోబెట్టాను. గోళీ పెట్టుకున్నాడు. ఐదు నిమిషాలైనా నొప్పి తగ్గలేదు. అంబులెన్సుకు ఫోన్ చేయబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"పరేషాన్ గాకు. ఇంకోటి పెట్టుకుంట, జర ఆగు."

ఆగాను. ఫోన్ చేసేసరికి, మొదటి గోళీ పెట్టుకున్నప్పటి నుంచి పదిహేడు నిమిషాలయ్యాయి. వాళ్లు వచ్చేటప్పటికి ఊపిరి లేదు.

పోయినవి: యాభై ఎనిమిదేళ్ల మనిషి, పన్నెండు నిమిషాలు. ఆ పన్నెండూ నేను ఆగినవే.