పసుపు ఫిన్స్ వెనక

దెయ్యాలను నమ్మే మనిషిని కాను నేను. చిన్నప్పుడు కరీంనగర్‌లో మా బాబాయి కొడుకులు భయపెట్టే కథలు చెబుతుంటే, మధ్యలో లేచి "దాన్ని చూసినాయన ఎక్కడుంటడో చెప్పుండ్రి, పోయి అడుగుదాం" అని కథంతా పాడు చేసేవాణ్ణి. ఇప్పుడు జర్మనీలోని ఎర్లాంగెన్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఏదైనా తప్పు జరిగితే దాని కారణం దొరికేదాకా వదలకపోవడమే నా ఉద్యోగం. అందుకే ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

డైవింగ్ సరదా నాది కాదు, మా ఆవిడ లావణ్యది. కాకినాడ పిల్ల. సముద్రం పక్కనే పెరిగినా మోకాళ్ల లోతు దాటి దిగనిచ్చేవాళ్లు కాదట ఇంట్లో. ఆ కోరిక ఇక్కడికొచ్చాక తీర్చుకుంది. ఇద్దరం కలిసి ఊరికి దూరంగా ఒక చెరువులో నేర్చుకున్నాం. వేసవిలో కూడా వణికించే పచ్చటి నీళ్లు. చేయి చాపితే వేళ్లు మసకగా కనిపించేవి. నేర్పినాయన పేరు యుర్గెన్, రిటైరైన పెద్దాయన. పక్క మనిషిని కళ్ల ముందు నుంచి పోనివ్వకండి అన్నదొక్కటే ఆయన ప్రతిసారీ చెప్పేవాడు.

పోయిన శరదృతువులో సెలవు పెట్టి మాల్టా పక్కనున్న గోజో దీవికి వెళ్లాం. ఆ చెరువు తర్వాత మధ్యధరా సముద్రంలో దిగితే అద్దంలో దిగినట్టుంది. మమ్మల్ని తీసుకెళ్లిన గైడ్ జోసెఫ్ అక్కడివాడే. ఎప్పుడూ ఏదో ఒకటి చెప్పి నవ్విస్తూ ఉండేవాడు.

గుహకు వెళ్లిన రోజు పడవలో లావణ్య ఎడమ ఫిన్ పట్టీ తెగింది. ఫిన్స్ అంటే ఈదడానికి కాళ్లకు తొడుక్కునే రబ్బరు రెక్కలు. ఆమెవి పసుపు రంగువి. జోసెఫ్ తన దగ్గరున్న ఆకుపచ్చ పట్టీ వేసిచ్చాడు. "ఇప్పుడు చిలకలా ఉన్నావ్" అని నేను ఏడిపించాను కూడా.

అది నీటి అడుగునున్న గుహ. దాని నోరు పెళ్లి హాలు గుమ్మమంత వెడల్పు. చివరిదాకా వెళ్లి వెనక్కి తిరిగినా నీలం వెలుతురు కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి మాలాంటి కొత్తవాళ్లను కూడా తీసుకెళ్తారు. జోసెఫ్ ముందు, వెనక మేమిద్దరం. లోపల చల్లగా, ప్రశాంతంగా ఉంది. భయం అనే మాటే గుర్తు రాలేదు.

చివర వెనక్కి తిరిగేటప్పుడు నా కాలు అడుగుకు తగిలింది. అక్కడ పేరుకున్న మెత్తటి మట్టి, పిండి బస్తా చిరిగినట్టు ఒక్కసారిగా లేచింది. వెలుతురు పోయింది. జోసెఫ్ కనిపించలేదు, లావణ్య కనిపించలేదు. టార్చి వేస్తే ఎదురుగా తెల్లటి గోడలా ఉంది తప్ప ఏమీ లేదు.

ఎడమ చేత్తో తడిమితే రాయి దొరికింది. దాన్ని వదల్లేదు. నా ఊపిరి చప్పుడు నాకే భయంగా వినిపిస్తోంది. లావణ్యను లోపలే వదిలేసి వెళ్తున్నానా, లేక తనే నన్ను వదిలి వెళ్లిందా తెలియదు. ఏ వైపు బయటో కూడా తెలియదు.

అప్పుడు ముందర పసుపు ఫిన్స్ కనిపించాయి. ఎడమ కాలికి ఆకుపచ్చ పట్టీ. నిదానంగా ఆడుతున్నాయి. ప్రాణం లేచొచ్చింది. వాటి వెనకే వెళ్లాను. నేను వెనకబడితే అవి నెమ్మదించేవి. దగ్గరకొస్తే మళ్లీ ముందుకు సాగేవి. కాసేపటికి నీళ్లు నీలంగా మారాయి. వెలుతురులోకి వచ్చి చూస్తే లావణ్య నా పక్కనే ఉంది. నాకోసం ఆగిందనుకున్నాను.

పడవెక్కి నోట్లోంచి గాలి గొట్టం తీయగానే భయమంతా కోపమైంది.

"అంత తొందరేంది నీకు? ఒక్కసారన్న ఎన్కకు తిరిగి చూడవా?" అన్నాను.

లావణ్య నోరు తెరిచి నన్నే చూసింది. "నేనా? ముందెళ్లిపోయింది నువ్వు కదా! నీ ఫిన్స్ చూసుకుంటూ చచ్చీచెడీ వచ్చాను. వెనక మనిషుందో లేదో చూడక్కర్లేదా?"

"నేను నీ ఎన్కనే వచ్చిన లావణ్యా. ఆకుపచ్చ పట్టీ కనిపించింది నాకు."

"నాకు నీ తెల్ల టేపు కనిపించింది."

నా నల్ల ఫిన్స్‌లో కుడిదానికి గుర్తు కోసం తెల్ల టేపు చుట్టి ఉంటుంది. నిజమే.

ఏం గొడవని జోసెఫ్ అడిగాడు. ఇంగ్లిషులో చెప్పాం. ఆయన పెద్దగా నవ్వాడు. "ఎవరూ ఎవరి ముందూ లేరు. మీ కోసం మళ్లీ లోపలికి వస్తుంటే ఎదురొచ్చారు. పక్కపక్కనే, చిన్నపిల్లల్లా చేతులు పట్టుకుని."

ఏ చేతులని అడిగాను. తన చేతులతోనే చూపించాడు. నా ఎడమది, ఆమె కుడిది.

నా ఎడమ చేయి చూసుకున్నాను. రాతికి గీసుకుని వేళ్ల చివర్లు నెత్తురోడుతున్నాయి. దారంతా ఆ చేయి గోడ మీదే ఉంది. లావణ్య కుడి చేతిలో టార్చి, దాని తాడు ఇంకా మణికట్టుకే చుట్టుకుని ఉంది. మేం చేతులు పట్టుకోలేదని ఇద్దరం ఒకేసారి అన్నాం.

జోసెఫ్ నవ్వు ఆగిపోయింది. "నేను చూశాను," అన్నాడు. తర్వాత ఒడ్డు చేరేదాకా సిలిండర్లు సర్దుతూ కూర్చున్నాడు. ఒక్క జోకూ వేయలేదు.

ఆ సాయంత్రం హోటల్లో ఒకరినొకరం లాయర్లలా ప్రశ్నించుకున్నాం. అటు తిప్పీ ఇటు తిప్పీ అడిగాను. లావణ్య ఒక్క మాట కూడా మార్చలేదు. నేనూ మార్చలేదు. అబద్ధం చెప్పాల్సిన అవసరం ఇద్దరికీ లేదు.

ఎర్లాంగెన్ తిరిగొచ్చాక యుర్గెన్‌ను కాఫీకి పిలిచి చెప్పాం. ఆయన ఓపిగ్గా విన్నాడు. లోతు వల్ల మత్తెక్కి ఏవేవో కనిపించడం ఉంటుంది కానీ, అంత తక్కువ లోతులో అలా జరగదట. భయంలో మనసు తనకు కావాల్సింది చూపిస్తుంది, నీకు ఆమె కావాలి, ఆమెకు నువ్వు కావాలి, అంతే అన్నాడు. జోసెఫ్ చీకట్లో నుంచి వస్తున్న రెండు నీడలు చూసి పొరబడి ఉంటాడన్నాడు.

విడివిడిగా అన్నీ సరిపోయాయి. "మరి ముగ్గురం ఒకేసారి ఎట్ల పొరబడ్డం? మా ఇద్దరినీ ఒకే వైపు ఏది తీసుకొచ్చింది?" అని ఆయనకు అర్థమయ్యేలా జర్మన్‌లో అడిగాను. "కైనె ఆనుంగ్," అన్నాడు యుర్గెన్. తెలియదు అని. ఇంకో కప్పు కాఫీ కూడా తాగకుండా లేచాడు.

లావణ్యకు దీనితో పేచీ లేదు. ఏదో మంచిదే మనల్ని కాపాడిందంటుంది. మళ్లీ ఆ గుహకే వెళ్దామని విమానం టికెట్లు చూస్తోంది. నేను మాత్రం ఆఫీసు పనులనీ, డాక్టర్ టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, ఉందనీ ఏదో ఒకటి చెప్పి దాటేస్తున్నాను. మొన్న నిలదీసింది.

"ఎందుకంత భయం నీకు? అదేదైనా కానీ, బయటికే కదా తీసుకొచ్చింది?"

టికెట్ల ధర తగ్గనీ అని మాట మార్చాను. అసలు సంగతి చెబితే తనూ నాలాగే ఆలోచించడం మొదలుపెడుతుందని.

గుహలో ఆ ఫిన్స్ కనిపించిన క్షణంలో నేను దేన్నీ సరిచూసుకోలేదు. ఏ వైపు పోతున్నామో చూడలేదు. ఆమె ఫిన్సే అని ఒక్క క్షణం కూడా అనుమానించలేదు. అవి ఇంకా లోపలికి వెళ్లుంటే, లోపలికే వెళ్లేవాణ్ణి.