అవసరం లేదన్న అమ్మాయి

మొన్న మా తమ్ముడి కూతురికి మద్రాసులోనే కాలేజీ సీటు వస్తే, హాస్టల్లో చేర్పించడానికి తోడుగా నేనూ వెళ్ళాను. నాకు ఈ ఊరు ఇప్పటికీ మద్రాసే, నోరు తిరగక కాదు, అలవాటు పోక. ఆఫీసులో ఉన్నావిడ గదిలో ఒక్కరే ఉంటారా, ఇద్దరా, నలుగురా అని అడిగింది. మా మేనకోడలు ఫోనులోంచి తలెత్తకుండానే ఒక్కదాన్నే అనేసింది. అడగందే సలహా ఇవ్వకపోవడమే పెద్దరికం అని మా అమ్మ అంటూ ఉండేది. ఆ లెక్కన ఆ ఒక్క పూటా నేను పెద్దదాన్నయ్యాను. కానీ తిరిగొచ్చేటప్పుడు ఆటోలో కూర్చున్నంతసేపూ మనసు నా మొదటి ఏడాది గదిలోనే తిరిగింది.

ఆ గదిలో మేం నలుగురం. నాలుగు ఇనుప మంచాలు, నడిమధ్య ఒక ఫ్యాను. ఆ ఫ్యాను గాలి ఎవరికీ సరిగ్గా తగిలేది కాదు గానీ చప్పుడు మాత్రం అందరికీ సమంగా పంచేది. తలుపు తీస్తే ముందు కొబ్బరినూనె వాసన, దాని వెనక ఆరని బట్టల వాసన, అన్నిటినీ తోసుకుంటూ నా డబ్బాలోని గోంగూర పచ్చడి వాసన. కిటికీ పక్క మంచం కోడంబాక్కం అమ్మాయిది. ఇల్లు ఉన్న ఊళ్ళోనే హాస్టలేమిటని మొదట ఆశ్చర్యపోయాను. వాళ్ళ నాన్నగారు సినిమాల్లో ఎడిటింగు పని చేసేవారు. మన వైపు నుంచి వేషాల కోసం రైలెక్కిన చుట్టాలందరూ వాళ్ళింట్లోనే దిగేవారు. వచ్చిన కొత్తలో అందరూ హీరోలేననీ, కొన్నాళ్ళకి వాళ్ళమ్మకి కూరగాయలు తెచ్చిపెట్టేవాళ్ళనీ నవ్వుతూ చెప్పేది. ఆ సందట్లో చదువు సాగదని ఆయనే తెచ్చి ఇక్కడ పడేశారట. తలుపు దగ్గర నాగర్‌కోవిల్ అమ్మాయి. ఆమెకు తెలుగు రాదు, నాకు తమిళం రాదు, అందువల్ల మా ఇద్దరికీ ఏనాడూ మాటా మాటా రాలేదు. వచ్చిన చిక్కంతా తెలుగు వచ్చిన నాలుగో అమ్మాయితోనే.

ఆమెది మదురై వైపు పల్లె. వాళ్ళ పెద్దలు ఎన్ని తరాల కిందట ఆ నేలకి వెళ్ళారో వాళ్ళకే తెలియదు. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు, ఇంట్లో మాత్రం తెలుగే. మొదటి రోజు నేను బిక్కమొహం వేసుకుని గుమ్మంలో నిలబడితే, “ఈడ పెట్టుకో నీ పెట్టె” అంది. మద్రాసులో దిగాక మొదటిసారి నా భాష వినబడేసరికి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇద్దరిదీ లెక్కల బీయస్సీనే. ఇంటరు దాకా తెలుగు మీడియంలో చదివిన నాకు క్లాసులో ఇంగ్లీషు పాఠం చెవి పక్కనుంచి వెళ్ళిపోయేది. సాయంత్రం మేడ మీద కూర్చుని ఆమె అదే పాఠాన్ని తన తెలుగులో మళ్ళీ చెప్పేది.

మనిషి మంచిదే కానీ, గర్వం కాస్త ఎక్కువనుకునేదాన్ని. గోంగూర వెయ్యనా అంటే అవసరం లేదనేది, కాసేపయ్యాక తనే డబ్బాలో చెయ్యి పెట్టేది. నీ పుస్తకం రేపు ఇచ్చేస్తానంటే అవసరం లేదంది. ఎంత దొడ్డ మనసో అనుకుని అట్ట మీద నా పేరు ఇంగ్లీషులో రాసేసుకున్నాను. తర్వాత ఆమె ఆ పేరును ఎగాదిగా చూసి పుస్తకం పక్కన పెట్టేసింది.

మొదటి పరీక్షలో నాకు వచ్చిన మార్కులు ఇంట్లో చెప్పుకునేవి కావు. రెండోది ముంచుకొస్తోంది. ఒక సాయంత్రం ఒకే లెక్కను మళ్ళీ మళ్ళీ చేసి, మళ్ళీ మళ్ళీ తప్పి, “ఇదంతా ఎప్పటికి నేర్చుకుంటానే నేను?” అన్నాను. ఆమె పుస్తకంలోంచి తల తిప్పకుండా, “అవసరం లేదు” అంది.

మాట ఎంత చిన్నదో దెబ్బ అంత పెద్దది. చెప్పి చెప్పి విసిగిపోయింది, ఈ చదువు నాకెందుకు అంటోంది అనుకున్నాను. తెల్లారగానే వీధి చివరి ఎస్టీడీ బూత్‌కు వెళ్ళి నాన్నకి ఫోన్ చేశాను. ఉండలేకపోతే వచ్చెయ్యమ్మా, ఆదివారం వస్తాను అన్నారు. మా ఊరి కాలేజీలో లెక్కలు లేవు. వెనక్కి వెళితే నాకు ప్రాణమైన ఆ ఒక్క చదువూ అక్కడితో సరి. నన్ను చూసి, నా వెనక ఉన్న చెల్లెల్ని అసలు ఊరే దాటనివ్వరు. అన్నీ తెలిసే పెట్టె సర్దడం మొదలుపెట్టాను.

శనివారం మధ్యాహ్నం తల దువ్వుకుంటున్న కోడంబాక్కం అమ్మాయి నా పెట్టె చూసి సంగతేమిటని అడిగింది. నేర్చుకోవాల్సిన అవసరం లేదంది మహాతల్లి అని ఉన్నదంతా కక్కేశాను. అది దువ్వెన పక్కన పడేసి, నవ్వలేక నేల మీద కూలబడింది.

“ఒసేయ్, తమిళంలో అవసరం అంటే తొందరే. తొందరేం లేదు, మెల్లగా నేర్చుకో అంది అది.”

నాకు గోంగూరా, పుస్తకం అట్టా వరసగా కళ్ళముందు తిరిగాయి. అంతలో మదురై అమ్మాయి ఉతికిన బట్టల బకెట్టుతో వచ్చింది. కోడంబాక్కం అమ్మాయి నవ్వుతూనే అంతా చెప్పింది. ఆమె నవ్వలేదు. బకెట్టు కింద పెట్టి నా వైపు చూసింది.

“మరి నువ్వు దినమూ తొందర, తొందర అంటావే? నేను నీకు తొందరవని అంటా ఉండావనుకుంటిని.”

ఈసారి కోడంబాక్కం అమ్మాయి కూడా నవ్వడం ఆపింది. తమిళంలో తొందరవంటే పీడ, అడ్డు అని నాకు మెల్లగా చెప్పింది. రోజూ పొద్దున స్నానాలగది తలుపు కొట్టి నేను అరిచే మాట అదే కదా. మదురై అమ్మాయి అందరికంటే ముందే లేచి స్నానం కానిచ్చేస్తుంటే నేను అదేదో వాళ్ళ ఇంటి ఆచారం అనుకున్నాను. నాకు అడ్డు రాకూడదని లేస్తోంది. తనను పీడ అంటున్నానని నమ్ముతూ కూడా, ఒక్క సాయంత్రం మానకుండా నా పక్కన కూర్చుని లెక్కలు చెప్పింది. ఆ సంగతి తలకెక్కాక నాకు ఏడుపు ఆగలేదు. ఆమె నా పెట్టెలోంచి బట్టలు తీసి మంచం మీద పెట్టడం మొదలుపెట్టింది.

“నీకు వచ్చేదాకా నేను ఈడనే కదా ఉండేది. ఏం అవసరం నీకు?” అంది. ఆ మాట ఈసారి సరిగ్గానే అర్థమయింది.

ఆదివారం నాన్న పరుపుచుట్ట కట్టడానికి తాడు కూడా వెంట తెచ్చుకుని వచ్చారు. నేను రానన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, మళ్ళీ ఫోన్ చేసి ఏడవవు కదా అన్నారు. “ఏడుస్తాను నాన్నా. కానీ రాను” అన్నాను. ఆయన నవ్వి, తాడు సంచిలో పెట్టుకుని, క్యాంటీనులో కాఫీ తాగి బండెక్కారు.

ఆ రెండో పరీక్ష గట్టెక్కాను, గొప్పగా కాదు, గట్టెక్కాను. తర్వాత మా చెల్లెలూ ఈ ఊరే వచ్చి చదువుకుంది. నేను లెక్కల టీచరునై, ఈ మధ్యే రిటైరయ్యాను. ఆ ముగ్గురికీ నేను రుణపడి ఉన్నాను, మదురై అమ్మాయికి మరీనూ. తనకీ అదే పరీక్ష ఉంది, తన సాయంత్రాలు తనకి కావలసినవే, అయినా నాకిచ్చేసింది. నా ఈడువాళ్ళందరూ కాలం చేతిలోంచి జారిపోతోందని వాపోతుంటారు. నాకు మాత్రం, ఆ పిల్ల తనది తీసి నాకిచ్చిన కాలం ఇంకా ఖర్చు కాకుండా మిగిలే ఉందనిపిస్తుంది.