ఎక్కినవాళ్ళ కాయ

నిన్న మధ్యాహ్నం రాజోలు బస్సులో మా ఇంటికి ఒక గోనెసంచి వచ్చింది. అందులో ఉన్నది ఒకే ఒక్క కొబ్బరికాయ. స్టాండు నుంచి తెచ్చిచ్చిన ఆటో ఆయన సంచీని రెండుసార్లు ఊపి చూసి, "ఒక్క కాయకి ఇంత సంచేంటండి?" అని నవ్వాడు. ఆయన్ని తప్పు పట్టను. అమలాపురంలో కాపురం ఉంటున్న మనిషికి కొబ్బరికాయ పంపించడమంటే గోదావరికి బిందెతో నీళ్ళు మోసుకెళ్ళడమే. కానీ పీచు వలవకుండా, తొడిమ పక్కన సుద్దతో గీత గీసిన ఆ కాయ నాకు నలభై అయిదు రోజులకోసారి వస్తుంది. ఎప్పుడూ ఆలస్యం కాదు. పంపేది మా పిన్ని. సంచి విప్పగానే వచ్చే ఆ పచ్చి పీచు వాసనకి నేను వంటింట్లోనే కాసేపు కూలబడిపోతాను.

నాకు బడిలో ఉద్యోగం వచ్చిన కొత్తలో రాజోలు దగ్గర కాలువ పక్కనున్న పిన్ని ఇంట్లోనే ఉన్నాను. ఇప్పటికి పన్నెండేళ్ళ మాట. ఆ ఇంట్లో ఏడాదికి పన్నెండు నెలలుండవు, ఎనిమిది దింపులుంటాయి. నలభై అయిదు రోజులకోసారి చెట్లెక్కి ముదిరిన గెలలు కోయడమే దింపు. ఎదురింటి వాళ్ళమ్మాయి పెళ్ళెప్పుడంటే పిన్ని "పై దింపు దాటేక" అనేది. బాబాయి కళ్ళజోడు ఎప్పుడు మార్పించారంటే "కిందటి దింపుకి ముందు" అనేది. ఎనిమిది దింపులు కలిపితే మూడువందల అరవై రోజులే గనక మిగిలిన అయిదు రోజులూ ఆవిడ లెక్కలో లేవు. నా పుట్టినరోజు ఏటా అటూ ఇటూ జరిగిపోతుంటే తప్పు తారీకుదే అనేది గాని, దింపుదని మాత్రం ఒప్పుకునేది కాదు.

ఆ తోటలో చెట్లు నలభై రెండు. పిన్ని కొత్త కోడలుగా వచ్చిన ఏడు నాటినవి. కాలువ నుంచి బిందెలతో నీళ్ళు మోసి బతికించింది ఆవిడే. నేను వెళ్ళేసరికి వాటికి దింపే మనిషి లేకుండా పోయాడు. పదిహేనేళ్ళు ఆ చెట్లెక్కిన పెద్దాయనకి చూపు మందగించింది. ఆయన కొడుకులు వేరే పనుల్లోకి వెళ్ళిపోయారు. పక్క ఊళ్ళ వాళ్ళని పిలిస్తే "ఆయ్, వస్తామండి" అనేవారు. మా వైపు ఆ మాటలో మర్యాద ఉంటుంది, ప్రేమ ఉంటుంది, రావడం ఒక్కటే ఉండదు. కాయలు వాటంతటవే రాలుతుండేవి. ఒకటి పశువుల పాక పెంకులోంచి దూరి గేదె ముందు పడింది. ఆ గేదె రెండు పూటలు పాలివ్వలేదు.

బాబాయి ఎక్కే ప్రశ్నే లేదు. నిచ్చెన రెండో మెట్టు మీదే ఆయనకి కళ్ళు తిరుగుతాయి. ఇక బాబాయి అన్నగారు, నేను పెదనాన్నగారు అని పిలిచే ఆయన, పక్క తోట యజమాని. ఒకరోజు పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చుని తేల్చేశారు. "దింపే మనిషే లేనప్పుడు చెట్లెందుకమ్మా? రెండు తోటలూ కలిపి చెరువు తవ్వించేద్దాం. రొయ్యల్ని ఎవరూ ఎక్కి కొయ్యక్కర్లేదు."

పిన్ని కాఫీ గ్లాసు ఆయన పక్కన పెట్టి, "ఒక్క ఏడాది ఆగండి బావగారండి. నేనెక్కుతాను" అంది. పెదనాన్నగారు నవ్వారు. బాబాయి నవ్వబోయి, పిన్ని మొహం చూసి మానేశాడు. "సరే. ఎనిమిది దింపులూ చెయ్యి. ఒక్కటి తప్పినా తోట తవ్వడమే" అన్నారు పెదనాన్నగారు. అప్పటికి పిన్నికి నలభై నాలుగేళ్ళు.

ఆరు రోజుల పాటు ఎక్కడో నేర్పుతున్నారని వెళ్ళి, చెట్టెక్కే మిషనుతో తిరిగొచ్చింది. మిషనంటే పెద్ద యంత్రమేం కాదు, మానుకి తగిలించుకుని ఒక్కో పాదంతో తొక్కుతూ పైకి జరిగే రెండు ఇనప చట్రాలు. జ్యేష్ఠంలో మొదటి దింపు. బాబాయి పాత ప్యాంటూ పొడుగు చేతుల చొక్కా వేసుకుని, కొప్పు బిగించి, నడుముకి తాడు కట్టుకుని నా ముందు నిలబడితే ఎవరో కొత్త మనిషనుకున్నాను. నన్ను కింద నిలబెట్టింది. పని ఏమిటయ్యా అంటే తలెత్తి చూస్తూ ఉండడమే. బాబాయి మాత్రం గోడవైపు తిరిగి నిలబడి "ఎంతవరకూ ఎక్కింది?" అని నన్ను అడుగుతుండేవాడు.

మొదటి వరసలో అయిదు చెట్లూ ఎక్కి అయిదు గెలలు కోసింది. నేను చప్పట్లు కూడా కొట్టేశాను. ఇన్నాళ్ళూ ఆ చెట్లెక్కిన పెద్దాయన దింపని తెలిసి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆయన మాత్రం చేతికర్ర నేలకేసి కొట్టి, "ఆపమ్మా! అది బొండాల చప్పుడు" అని కేక పెట్టాడు. కళ్ళు కనబడకపోయినా పడ్డ చప్పుడుని బట్టి కాయ వయసు చెప్పగల మనిషి ఆయన. వెళ్ళి చూస్తే అన్నీ పచ్చివే. ముదిరిన గెలలు మానుకి అవతలివైపు ఉన్నాయి. చుట్టూ చూడకుండా మొహానికెదురుగా ఉన్నదాన్ని కోసేసింది పిన్ని.

"చెట్టుకి నెలకో గెల పుడతాదమ్మా," అన్నాడు పెద్దాయన. "పైన పువ్వు, కింద ముదురు గెల. మధ్యలో ఏ నెల గెల ఆ నెలదే. నువ్వు కోసింది ఆరో నెలది. మార్గశిరంలో దిగాల్సింది." పెదనాన్నగారు గోడవతల నుంచి ఆ కాయల్ని వేలితో లెక్కపెట్టుకున్నారు.

మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. దింపు అయ్యాక ఆఖరి చెట్టు కాయల్లో అన్నిటికన్నా పెద్దది ఎక్కిన మనిషి తన చేత్తో ఏరుకుని ఇంటికి పట్టుకెళ్ళాలి. అది కూలి కాదు, మర్యాద. దాన్నే ఎక్కినవాళ్ళ కాయ అంటారు. మిగతా చెట్లు నాలుగు రోజులు పడుతూ లేస్తూ దింపి, ఆ సాయంత్రం పిన్ని కాయలన్నీ పోగు పోయించింది గాని తన కాయ తీసుకోలేదు. ఏం పిన్నీ అంటే, "పచ్చి గెలలు కోసినదానికి మర్యాదేంటే?" అంది. ఇంట్లో ఆవిడకంటూ విడిగా ఉన్న వస్తువు ఒక్కటీ లేదు. ఆ ఒక్క కాయ ఆవిడదయ్యే రోజు చూడాలని నాకు పట్టుదల పుట్టింది.

శ్రావణంలో రెండో దింపుకి వాన వెలిశాక చెట్టు చివరిదాకా ఎక్కేసి, అక్కడ తడుముకుంటే నడుముకి కత్తి లేదు. ఎక్కడం మీదే ధ్యాసంతా పెట్టి కత్తి రోటి పక్కన వదిలేసింది. అది కొబ్బరి పచ్చడికి కాయ కొట్టిన కత్తి. దింపు రోజైనా వంట ఆవిడే చేసి ఎక్కేది మరి. నేను పరుగెత్తి తెచ్చి తాడుకి కట్టేలోపు పైనుంచి కేక వినబడింది. "ఒసేవ్! ఇక్కణ్ణించి గోదారి కనపడతందే!" ఆ ఇంట్లో ఇరవై రెండేళ్ళుగా ఉన్న మనిషికి తన చెట్ల మీంచి గోదావరి పాయ వైనతేయ కనబడుతుందని ఆ రోజే తెలిసింది. కత్తి అందాక కూడా కాసేపు కోయకుండా అటే చూస్తూ కూర్చుంది. నాకెందుకో కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

భాద్రపదంలో కాలువ పొంగి తోటలో మోకాలి లోతు నీళ్ళు. ఇక దింపు తప్పినట్టే అనుకున్నాం. పిన్ని నీళ్ళలోనే మిషను తగిలించి ఎక్కింది. పడ్డ కాయ పడ్డట్టే తేలి పక్కవాళ్ళ దొడ్లోకి ప్రయాణం కట్టేది. బడికి సెలవిచ్చారు గనక చీర ఎగ్గట్టి వాటి వెనక పడ్డాను. పిల్లలకి వరసలో నిలబడడం నేర్పే పంతులమ్మని, కొబ్బరికాయల్ని మాత్రం ఒక్కదాన్నీ నిలబెట్టలేకపోయాను. కార్తీకం వచ్చేసరికి వీధిలో ఆడవాళ్ళు ప్యాంటు గురించి గుసగుసలాడడం మానేసి, గుమ్మాల్లో నిలబడి చూడడం మొదలెట్టారు. నాలుగు రోజుల పని రెండు రోజులకి దిగింది.

మార్గశిరంలో అయిదో దింపు. ఆ పొద్దున్న పిన్ని అన్నం ముట్టలేదు. మంచులో మొదటి వరస ఎక్కి, అయిదు చెట్ల నుంచీ ఖాళీ చేతులతో దిగింది. జ్యేష్ఠంలో చేసిన తప్పు, పెద్దాయన చెప్పినట్టే, చెప్పిన నెలకి వచ్చి నిలబడింది. గోడవతల పెదనాన్నగారు. ఈసారి పిన్ని తనే ఆయన దగ్గరికి వెళ్ళి, "మొదటి వరసలో ఏమీ లేదండి బావగారండి. తప్పు నాదే. దింపు మాత్రం తప్పలేదండి" అంది. ఆయన ఆ చెట్ల వంక చూసి, "ఆయ్" అని లోపలికి వెళ్ళిపోయారు. తప్పుని అంత నిటారుగా నిలబడి చెప్పిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఆ తర్వాత రెండు దింపులు మాటల్లో చెప్పుకోవడానికేమీ లేకుండా జరిగాయి. పని వచ్చిన వాళ్ళ పని అలాగే ఉంటుంది. వైశాఖంలో ఎనిమిదోది. మాను ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది, పైన ఎర్రచీమలు. రెండోరోజు పొద్దెక్కేసరికి నలభై రెండో చెట్టు మీదుంది పిన్ని. గెల దబ్బున పడింది. పెద్దాయన అరుగు మీంచి "ముదురు" అన్నాడు. బాబాయి గోడవైపు నుంచి ఇటు తిరిగి, స్తంభం పట్టుకుని, ఏడాది మొత్తం మీద మొదటిసారి తలెత్తి చూశాడు. "బానే ఎక్కింది" అని వెంటనే కూర్చుండిపోయాడు.

పిన్ని దిగేసరికి పెదనాన్నగారు పోగు దగ్గర వంగి ఉన్నారు. కాయలు ఒక్కొక్కటీ తిప్పి చూసి, పెద్దది ఏరి, పైపంచెతో తుడిచి ఆవిడ చేతిలో పెట్టారు. "నీ కాయమ్మా. మా వైపు చెట్లకి ఎప్పుడు ఖాళీ అవుతావో చెప్పు" అన్నారు. ఏడు దింపులు వదిలేసిన కాయని పిన్ని రెండు చేతులా పట్టుకుని, "పైవారం వస్తానండి" అంది. ఆ "వస్తానండి"లో రావడం కూడా ఉంది. చెప్పిన రోజుకి వెళ్ళింది. చెరువు మాట ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు పిన్నికి యాభై ఆరు. ఆవిడ దగ్గర నేర్చుకుని ఆ వీధిలో మరో ముగ్గురు ఆడవాళ్ళు ఎక్కుతున్నారు. నాకు అమలాపురం బదిలీ అయిన దగ్గర్నించీ తన కాయ నాకు పంపిస్తోంది. ఇదేం మర్యాద పిన్నీ, ఎక్కింది నువ్వు కదా అంటే, "కింద నువ్వున్నావనే కదే ఎక్కేను" అంటుంది. మెడ నొప్పి తప్ప నేను చేసిందేమీ లేదు. అయినా ఆ మాట విన్న ప్రతిసారీ ఈ వీధిలో నాకంటే గొప్పవాళ్ళెవరూ లేరనిపిస్తుంది.

సాయంత్రం కాయ వలిచి కొట్టాను. నీళ్ళు తియ్యగా ఉన్నాయి. ఇది పువ్వుగా విచ్చుకున్నది కిందటేడు సరిగ్గా ఈ నెలలోనే. ఆ నెలలో నేనేం చేశానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. నేను పారేసుకున్న ఆ నెలని చెట్టు ఏడాదంతా పైన దాచి ఉంచితే, మా పిన్ని ఎక్కి, కోసి, బస్సులో పంపించింది.