ఫ్యాను కింద కుర్చీ

చిక్కడపల్లి లైబ్రరీలో ఫ్యాను కింద కుర్చీ కావాలంటే తలుపులు తీయకముందే గేటు దగ్గర నిలబడాలి. మా ఇల్లు ఆ పక్క సందులోనే, అయినా ఆ కుర్చీ నాకు దొరికిన రోజులు తక్కువ. ఎక్కడో బస్తీ నుంచి నడిచొచ్చే ఒకమ్మాయి నాకంటే ముందే దాని మీద చున్నీ వేసి పెట్టుకునేది. పాలమూరు నుంచి కూలి పనులకొచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం వాళ్లది. ఇద్దరం గ్రూప్ వన్‌కి చదువుతున్నాం. నన్ను అన్నా అని పిలిచేది. ఒళ్లు మండుతున్నా పలికేవాణ్ని.

కోచింగ్ సెంటర్ల అశోక్‌నగర్‌లో అందరూ చేసే పనే మేమూ చేశాం. సిలబస్ చెరిసగం పంచుకుని, సాయంత్రం టీకొట్టు దగ్గర ఒకరికొకరు పాఠం చెప్పుకునేవాళ్లం. నెట్ న్యూట్రాలిటీ, అంటే ఇంటర్నెట్‌లో ఏ సైటుకీ తేడా చూపకూడదనే సంగతి, నా వాటాకి వచ్చింది. అప్పట్లో దేశమంతా దాని గొడవే. ఫోన్ కంపెనీలు ఒక్కో సైటుకి ఒక్కో రేటు పెడతామంటున్నాయి. ఒక విదేశీ కంపెనీ పేదవాళ్లకి కొన్ని సైట్లు మాత్రం ఊరికే చూపిస్తానంటోంది. పార్లమెంటులో కేకలు. టెలికాం నియంత్రణ సంస్థ జనం అభిప్రాయం అడిగితే ఈమెయిళ్లు కుప్పలు తెప్పలుగా వెళ్లాయి. చివరికి రేట్లలో తేడా చూపకూడదని ఉత్తర్వు వచ్చింది.

ఇదంతా ఆమెకి ఎక్కించడానికి బుర్ర బద్దలు కొట్టుకుని ఒక పోలిక కట్టాను. మన లైబ్రరీలో ఎవరు ముందొస్తే వాళ్లదే కుర్చీ, ఏ పుస్తకం చదివినా అడిగేవాడు లేడు. రేపొకడు వచ్చి, నా పుస్తకాలు చదివితే ఫ్యాను కింద కుర్చీ, వేరేవి చదివితే ఎండలో మెట్లు అంటే ఒప్పుకుంటామా? ఆమె టీ గ్లాసు పట్టుకుని అలాగే వింది.

"ఊరికే ఇస్తమనేది మా బస్తీ పేరు మీదనే కద అన్నా," అంది. "మీరేం చూస్తరని మమ్మల్ని ఒక్కరన్న అడిగిండ్రా?"

అయిపోయింది. నేను పేపర్లు చదివి చెప్పిన సంగతి ఆమె తన ఇంట్లోంచి చెబుతోంది. నేను కట్టిన పోలిక కన్నా ఆమె అడిగిన ఒక్క ప్రశ్న బాగుంది. ఆ పూట నాకు అన్నం సహించలేదు. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవాణ్ని నేను, రీచార్జి అయిపోతే లైబ్రరీ పేపర్లే గతి అనుకునే మనిషి ఆమె. ఎవరిని చూసి ఎవరు కుళ్లుకోవాలండీ? నేనే కుళ్లుకున్నాను, కడుపునిండా.

ఇద్దరికీ ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. నాకు వయసు దాటిపోతోంది, ఇది పోతే మళ్లీ రాయడానికి లేదు. ఆమెది ముందురోజు, నాది మర్నాడు. ఆ సాయంత్రం నేను నారాయణగూడ చౌరస్తాలో ఉండగా, ఆమె ఇంటర్వ్యూ అదిరిపోయిందట అని మా స్టడీ గ్రూపులో ఎవరో పెట్టారు. వెంటనే ఆమె ఫోను. కట్ చేశాను. మళ్లీ చేసింది, మళ్లీ కట్ చేశాను. తన సంతోషం నా చెవిలో పోయడానికి ఎందుకంత తొందర? మెసేజ్‌లు మొదలయ్యేసరికి చిర్రెత్తి ఆమెని మ్యూట్‌లో పెట్టాను. ఊళ్లో అందరి మెసేజ్‌లూ మోగుతూనే ఉన్నాయి, ఆమెవి తప్ప.

మర్నాడు బోర్డులో ఒక పెద్దాయన నెట్ న్యూట్రాలిటీ గురించి చెప్పమన్నాడు. లోపల గంతులేశాను. లైబ్రరీ, కుర్చీ, ఫ్యాను, అంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆయన పక్కనున్నావిడ వైపు చూసి నవ్వాడు.

"నిన్న ఒకమ్మాయి కూడా ఇదే చెప్పిందయ్యా. కోచింగ్‌లో బట్టీ పట్టించారా? నీ సొంతది ఏదైనా చెప్పు."

సొంతదే మహాప్రభో, నాదే! ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అన్నాక ఇంకొకటి చెప్పమంటాడు కదా. ఎంత వెతుక్కున్నా నా దగ్గర ఆ కుర్చీ ఒక్కటే ఉంది. నమస్కారం పెట్టి బయటికొచ్చాను.

ఉద్యోగం పోయిందని బస్టాపు చేరేలోపే నాకు తెలిసిపోయింది. అప్పుడు ఆమె మెసేజ్ తెరిచాను.

"అన్నా, ఫోన్ ఎత్తుతలేవు. నన్ను నెట్ న్యూట్రాలిటీ అడిగిండ్రు, నీ కుర్చీ ముచ్చట చెప్పేసిన. రేపు నిన్ను గూడ అడిగితే అది చెప్పకు. మా బస్తీల నల్లా ముచ్చట చెప్పు. నీళ్లు పట్టుకుంటే వంటకా, బట్టలకా అని నల్లా అడగదు కద. అది నేను చెప్పలే, నీకోసం ఉంచిన."

రెండుసార్లు చదివాను. ఆ బస్టాపులో నిలబడి నేను మొట్టమొదట అనుకున్న మాట ఏమిటో తెలుసా? దీని దుంపతెగ, నా కుర్చీకన్నా ఈ నల్లాయే బాగుంది.