ప్రసాదంలో కిస్‌మిస్

మా ఎదురింటి ముసలాయనకి కుక్కంటే ప్రాణం. నాకు కుక్కంటే అంటు. అమెరికాలో పార్సిప్పనీ అనే ఊళ్లో మేముండే అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో మా తలుపూ ఆయన తలుపూ ఎదురెదురు. ఆయనకి ఎనభై దాటాయి. భార్య పోయింది, పిల్లలు లేరు. మిగిలింది ఆ ముసలి బీగిల్ కుక్క ఒక్కటే. నెలకోసారి కంట్లో ఇంజెక్షన్ వేయించుకోవడానికి ముసలివాళ్ల కోసం నడిపే వ్యాన్‌లో క్లినిక్‌కి వెళ్లేవాడు. ఆ పూట కుక్కని చూసుకోమని నన్ను అడిగాడు. ఉద్యోగం చేసే వీల్లేని వీసా మీద ఇంట్లో కూర్చున్నదాన్ని, తీరిక లేదని ఏ మొహం పెట్టుకుని చెప్పను? సరేనన్నాను. చెప్పుల స్టాండు పక్కన పాత దుప్పటి పరిచి, దాని రాజ్యం అంతవరకేనని తేల్చి చెప్పాను. వంటగది గడప దాటనిచ్చేదాన్ని కాదు.

నా మనసు మెత్తబడింది ఒక సినిమా వల్ల. మా లైబ్రరీలో గురువారం మధ్యాహ్నాలు విదేశీ సినిమాలు వేస్తారు. ఆ వారం ఫ్రెంచ్ సినిమా, ఒక ముసలాయన, ఆయన కుక్క. కింద పడే ఇంగ్లీషు అక్షరాలు మా ముసలాయన కంటికి ఆనవు. "నువ్వు పక్కన కూర్చుని చదివి చెప్తావా?" అని అడిగాడు. ఆయన ఇంగ్లీషులో అన్నవి నాకిప్పుడు తెలుగులోనే గుర్తున్నాయి.

కథ పెద్దగా ఏమీ లేదు. నది మీద పడవ నడిపి మానేసిన ఒక మనిషి తమ్ముడి ఊరికి బయల్దేరతాడు. బస్సు డ్రైవర్ కుక్కని ఎక్కించుకోనంటాడు. ఈయన దిగిపోయి నడక మొదలుపెడతాడు. ఇక నడకే నడక. మొదట్లో నాకు విసుగొచ్చింది, దీనికోసమా ఇంత దూరం వచ్చానని. కుక్క కుంటడం మొదలుపెట్టాక ఆయన దాన్ని కోటులో చుట్టి చంకనెత్తుకున్నాడు.

"ఏమంటున్నాడు?" అని మా ముసలాయన చెవి దగ్గర గొణిగాడు.

"ఏమీ అనడం లేదు" అన్నాను. నిజానికి తెర మీద ఆయన ఏదో అన్నాడు. కళ్లనిండా నీళ్లుంటే నాకెక్కడ కనపడుతుంది?

వచ్చేటప్పుడు దారిలో ఆయన అన్నాడు, "నాకు ఒకటే కోరిక. అది నాకంటే ముందు పోకూడదు. నేను పోయాక ఒంటరిగా మిగలనూ కూడదు." రెండూ ఎలా కుదురుతాయో దేవుడికే తెలియాలి అనుకున్నాను గానీ పైకి అనలేదు.

ఆ తర్వాత వారమే పౌర్ణమి వచ్చింది. పొద్దున్నే సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. పంతులుగారు వీడియో కాల్‌లో కథ చదివారు. మా ఆయన పీటల మీంచి లేచి నేరుగా ఆఫీస్‌కి వెళ్లిపోయారు. అదే రోజు ముసలాయనకి ఇంజెక్షన్. వ్రతం నాడు ఇంట్లో కుక్కేమిటని ఒళ్లు మండింది, కానీ ఇచ్చిన మాట. ఆయన కుక్కని అప్పజెప్పి వెళ్లాడు. అది దుప్పటి మీద కూర్చుని, నేను ప్రసాదం పళ్లెంలో పెట్టుకుంటుంటే చూస్తూ ఉంది. గోధుమ రవ్వ, నెయ్యి, అరటిపండ్లు, పైన వేయించిన జీడిపప్పూ కిస్‌మిస్సూ. మా అమ్మ చేయి ధారాళం, నాదీ అంతే.

ప్రసాదం ఎవరికీ లేదనకూడదని మా ఇంట్లో పట్టింపు. వ్రతకథలో ప్రసాదం వదిలేసి పరుగెత్తిన పిల్లకి ఏం జరిగిందో పొద్దున్నే విని ఉన్నాను. వారం కిందటి సినిమా ఇంకా కళ్లలోనే ఉంది. రెండు పెద్ద గరిటెలు కాగితం ప్లేటులో వేసి దాని ముందు పెట్టాను. ప్లేటు కూడా నాకేసింది. ఫోటో తీసి, 'మా భక్తురాలు' అని రాసి ఫ్రెండ్స్ గ్రూప్‌లో పెట్టాను. అప్పటికి పన్నెండున్నర.

ఒంటిగంట పదికి ఫోన్ మోగింది. ఇదివరకు మా కింది ఫ్లాట్‌లో ఉండి క్యారీ అనే ఊరికి వెళ్లిపోయిన కరీంనగర్ అమ్మాయి.

"అక్కా, నువ్వు పెట్టింది ప్రసాదమేనా? అండ్ల కిస్‌మిస్ ఉన్నదా?"

"ఉంది. ఏం?"

"కుక్కలకు కిస్‌మిస్ విషం అక్కా. కిడ్నీలు పోతయి. మావాళ్ల కుక్క గట్లనే సచ్చిపోయింది. జల్ది డాక్టర్ దగ్గరికి తీస్కపో."

గూగుల్ చేస్తే ఆ అమ్మాయి చెప్పిందే ఉంది. రెండు గంటల లోపు కక్కిస్తే బతికే అవకాశాలు ఎక్కువని కూడా ఉంది. నేను డాక్టర్‌కి ఫోన్ చేయలేదు. మా ఆయనకి చేశాను.

"ముందు ఆ ఫోటో డిలీట్ చెయ్యి" అన్నారు మా ఆయన. "ఎవరితో ఏమీ అనకు. కుక్కకి ఏమన్నా అయితే ఇక్కడ స్యూ చేస్తారు, కోర్టుకి లాగుతారు. మన వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది, గుర్తుందా?"

"మరి కుక్క సంగతేంటండీ?"

"ఎలా ఉంది?"

"బాగానే ఉంది."

"ఇంకేం. దానికేం కాదు. గాభరా పడకు, మీటింగ్‌లో ఉన్నా."

ఫోటో డిలీట్ చేశాను. కుక్క ఎదురుగా కూర్చున్నాను. దాని కనురెప్ప అదిరినా, పొట్ట కదిలినా ఉలిక్కిపడ్డాను. మైక్రోవేవ్ మీద అంకెలు మారుతున్నాయి. ఒకటీ ఇరవై. ఒకటీ ముప్పై అయిదు. ఏమీ కాదేమో అని ఒకసారి, అంతా అయిపోయిందేమో అని ఒకసారి. ఒకవేళ ఏమన్నా అయితే ముసలాయనకి ఏం చెప్పాలో ఇంగ్లీషులో పైకి అనుకుని చూసుకున్నాను. పొద్దున్నుంచీ బాగానే ఉందండీ, ఉన్నట్టుండి ఇలా అయింది, నేనేమీ పెట్టలేదు. నా గొంతు విని, తనతోనే మాట్లాడుతున్నాననుకుని అది తోక ఊపుకుంటూ లేచి వచ్చి నా మోకాలి మీద గడ్డం ఆనించింది. నా మీద నాకే రోత పుట్టింది. వ్రతం చేసిన నోటితో అబద్ధం వల్లిస్తున్నాను.

సరిగ్గా రెండింటికి ముసలాయన వెళ్లిన కంటి క్లినిక్‌కి ఫోన్ చేశాను. ఆయన్ని పిలవడానికి రెండు నిమిషాలు పట్టింది.

"మీ కుక్కకి నేను కిస్‌మిస్ పెట్టాను. విషమని తెలియదు" అని అరిచినట్టు చెప్పాను. ఆయనకి చెవి కూడా అంతంతమాత్రం.

"జంతువుల హాస్పిటల్‌కి తీసుకెళ్లు. నేనూ వస్తున్నా" అన్నాడు.

నాకు కారు లేదు, లైసెన్సూ లేదు. బుక్ చేసిన మొదటి క్యాబ్ కుక్కని చూసి ఆగకుండా పోయింది. రెండో అతను అద్దం దించి తల అడ్డంగా ఊపాడు. సినిమాలో బస్సు డ్రైవర్‌ని ఎంత తిట్టుకున్నానో ఇతన్నీ అంత తిట్టాను, కాకపోతే ఈసారి పైకి, తెలుగులో. మూడో ఆవిడ సీటు మీద తువ్వాలు పరిచి ఎక్కమంది. హాస్పిటల్ చేరేసరికి రెండూ నలభై. కుక్కని లోపలికి తీసుకెళ్లి, నా చేతికి ఫారం ఇచ్చారు. ఎప్పుడు తింది? ఎప్పుడు తెలిసింది? ఎప్పుడు యజమానికి చెప్పారు? రెండో గడి దగ్గర పెన్ను ఆగింది. రెండు గంటలకి అని రాస్తే ఎవరికీ తెలియదు. ఒంటిగంట పది అని రాశాను.

ఆయన వచ్చేసరికి మందుకి కుక్క కక్కింది గానీ, అప్పటికే ఎంత ఒంట్లోకి పోయిందో చెప్పలేమన్నారు. రెండు రోజులు సెలైన్ ఎక్కించి, మూడో రోజు రక్తం చూడాలట. ఆయన కళ్లకి ఇంజెక్షన్ తర్వాత పెట్టే నల్ల ప్లాస్టిక్ అద్దాలున్నాయి. ఫారం చదవలేక కౌంటర్‌లో అమ్మాయిని చదవమన్నాడు. ఆ అమ్మాయి గట్టిగా చదివింది, ఒక్కొక్క టైమూ.

ఆయన నా వైపు తిరిగాడు. "ఒంటిగంట పది నుంచి రెండింటిదాకా ఏం చేశావు?"

"భయపడుతూ కూర్చున్నాను."

"దేనికి?"

"మీకు."

"నాకా?"

ఆ మాట అంటున్నప్పుడు ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. మచ్చలు పడ్డ, వణికే చేతులు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయన వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. నాకు రెండు కుర్చీల అవతల.

మూడో రోజు రక్తం రిపోర్టు బాగానే వచ్చింది. కుక్క ఇంటికి వచ్చింది. మెట్ల మీద ఎదురుపడితే ఆయన తల ఊపేవాడు, అంతే. మరుసటి నెల ఇంజెక్షన్‌కి కుక్కని వెంటబెట్టుకునే వెళ్లాడు. కిటికీలోంచి చూశాను. వ్యాన్ డ్రైవర్‌ని బతిమాలుకుంటున్నాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు. మా ఆయన "పోనీలే, పీడా వదిలింది" అంటే ఆయన మీద విరుచుకుపడ్డాను.

ఆ పై నెల తలుపు తట్టిన చప్పుడైంది. చూస్తే ఆయన, పక్కన కుక్క. నేను చేయి చాపాను. ఆయన తాడు ఇవ్వలేదు.

"ఏమన్నా అయితే ముందు నాకు ఫోన్ చెయ్యి. ఆ తర్వాత భయపడు" అన్నాడు.

తల ఊపాను.

"నాకు సరిగ్గా కనపడదు. నోటితో చెప్పు."

"ముందు మీకు ఫోన్ చేస్తాను."

"తర్వాత?"

"తర్వాత భయపడతాను."

అప్పుడు తాడు నా చేతిలో పెట్టాడు.