బొంత లోపలి చీరలు

అమ్మ దినాలు అయిపోయిన మర్నాడు బాపు బీరువా ఖాళీ చేయించిండు. పోయినోళ్ల బట్టలు ఇంట్ల ఉండొద్దంటరు. పట్టుచీరలు, మంచి చీరలు అడిగినోళ్లకు పోయినయి. చిరిగిన నూలు చీరలను మాత్రం ఎవరూ అడగలేదు. ఆచారం కూడా బట్ట నాణ్యం చూస్తదని అప్పుడే తెలిసింది.

ఆ చిరిగినవాటిని నాయినమ్మ మూటగట్టి దాచింది. నాకు అమ్మ గుర్తుగా మిగిలినయి అవే. ఫొటోలున్నయి గానీ అన్నీ పెళ్లిళ్లల్ల దిగినవి. వాటిల్ల అమ్మ ఎవరింటికో వచ్చిన చుట్టంలెక్క నిలబడి ఉంటది.

"వీటితోని బొంత కుట్టరాదా, నాయినమ్మా" అన్న. ఫోన్ల వీడియోలు చూసి ఉన్న మరి. పాత బట్టల ముక్కలు పక్కపక్కన కుట్టి గోడకు వేలాడదీస్తరు. దాని ముందర నిలబడి జ్ఞాపకం, అస్తిత్వం అని మెల్లగ మాట్లాడుతరు. నేను గోడకు మేకు కూడా కొట్టిన.

పాత బస్టాండు కాడ మొబైల్ షాపుల నా పని. పొద్దంతా నేను లేనప్పుడు కుట్టి, వచ్చేసరికి మడిచి పెట్టేది నాయినమ్మ. చూపియ్యమంటే, "అయినంక చూద్దువు తియ్యిరా" అనేది.

అయినంక పరిచింది. పైన, కింద దినాలకు చుట్టాలు పెట్టిన పాలిస్టర్ చీరలు. తళతళ మెరిసే నెమళ్లు.

"అమ్మవేవి?"

"లోపలున్నయి, నా పాతవాటితోని."

"లోపలెందుకేసినవ్?"

"మెత్తటివి నడుమలెయ్యాలె, గట్టివి పైనెయ్యాలె. మీ అమ్మ చీరలు పైనేస్తే రెండు చలికాలాలు ఆగుతయా? ఎన్నడు బొంత కప్పుకోలేదారా నువ్వు?"

కప్పుకున్న. లోపలేమున్నదో ఎవడడిగిండు.

ఒక మూలకు కుట్లు బ్లేడుతోని కోసిన. ఆమె ఆపలేదు. "కోసుకో. మళ్ల కుట్టేది నేనే గద" అన్నది. వెలిసిన బట్ట కొంచెం బయటికొచ్చింది. నీలమో, బూడిద రంగో. మీద చిన్న చుక్కలు. ఏడుపొస్తదేమోనని కాసేపు ఆగిన. రాలేదు. ఆ చీర అమ్మ కట్టుకోంగ ఎన్నడన్న చూసిన్నా అని వెతుక్కున్న. పొయ్యి కాడ, బస్సెక్కేటప్పుడు, దవాఖాన మంచం మీద. అన్ని జాగలల్ల అమ్మ కనిపించింది గానీ, ఏం కట్టుకున్నదో కనిపించలేదు.

"గిది అమ్మదా, నీదా?"

నాయినమ్మ సూదిల దారం ఎక్కిస్త ఆగింది. "నీకు తెల్వదా?"

"తెలుసు" అన్న.

ఆమె సూదిల దారం ఎక్కించింది. బట్టను వేలుతోని లోపలికి తోసి, మూల కుట్టేసింది.